రిలే ఎక్కడుందో తెలిస్తేనే మన చోటు తెలిసేది

పోయిన సంచికలో గాల్లో ఎగిరే రిలేల గురించి రాశాను. డ్రోన్, బెలూన్, ఎయిర్‌షిప్ లాంటి వాటి మీద ట్రాన్స్‌మిటర్ పెట్టి జీపీఎస్‌కు తోడుగా వాడుకోవడమే అందులో విషయం. వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్ వైపు నుంచి చాలా ఉత్తరాలొచ్చాయి. నేను బేగంపేట విమానాశ్రయంలో నావిగేషన్ పరికరాల దగ్గర ఉద్యోగం చేసి రిటైరై హనుమకొండలో ఉంటున్నాను. మా వైపు నుంచి ఇన్ని ప్రశ్నలు రావడం చూసి నిజంగా సంతోషమేసింది. అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు. పదిమందికి పనికొచ్చేవి తీసుకున్నాను.

ప్రశ్న: మేడమ్, మేం హనుమకొండలో బీటెక్ ఈసీఈ ఫైనల్ ఇయర్ చదువుతున్నాం. తాడ్వాయి అడవిలో చెట్ల కింద జీపీఎస్ సరిగా అందదు కాబట్టి డ్రోన్ మీద రిపీటర్ పెట్టి, పైన అందిన సిగ్నల్‌ను కిందికి పంపాలన్నది మా ప్రాజెక్టు. ముందు ల్యాబ్‌లో చూద్దామని డాబా మీద యాంటెన్నా పెట్టి, కేబుల్‌తో తెచ్చి, గదిలో రిపీటర్ ఆన్ చేశాం. గదిలో ఏ మూలకు వెళ్లినా ఫోన్ డాబా మీది యాంటెన్నా చోటే చూపిస్తోంది. లోపం ఎక్కడ? అక్యురసీ ఎలా పెంచాలి?
(ముగ్గురు విద్యార్థులు, హనుమకొండ)

జవాబు: మీ పరికరంలో లోపమేమీ లేదు. రిపీటర్ చేసే పనే అది. ల్యాబ్‌లోనే బయటపడింది కాబట్టి మంచిదైంది.

రిసీవర్‌కు తెలియనివి నాలుగు: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, తన గడియారం ఎంత తప్పుందన్నది. అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. మీ డాబా యాంటెన్నా దాకా ఒక్కో ఉపగ్రహం సిగ్నల్ ఒక్కో దారిలో, ఒక్కో దూరం నుంచి వచ్చింది. అక్కడి నుంచి మాత్రం అన్నీ ఒకే కేబుల్‌లో, ఒకే యాంప్లిఫయర్‌లో, గదిలో ఒకే దారిలో ఫోన్‌కు చేరాయి. ఈ చివరి ముక్కలో పట్టిన ఆలస్యం అన్నిటికీ సమానం. అన్నిటికీ సమానమైన ఆలస్యాన్ని ఫోన్ తన గడియారం తప్పుగా లెక్కేసి తీసేస్తుంది. తీసేశాక మిగిలేది డాబా యాంటెన్నా చోటే. ఇదే రిపీటర్‌ను డ్రోన్ మీద పెడితే అడవిలో నిలబడ్డవాళ్ల ఫోన్లన్నీ డ్రోన్ చోటు చూపిస్తాయి. డ్రోన్ 200 మీటర్ల దూరంలో ఉంటే తప్పు 200 మీటర్లు.

గాల్లోని రిలే నావిగేషన్‌కు పనికిరావాలంటే దానికి తనదైన కోడ్ ఉండాలి. ‘నేను ఫలానా చోట ఉన్నాను, ఫలానా క్షణంలో పంపాను’ అని అది చెప్పగలగాలి. అప్పుడది తక్కువ ఎత్తులో ఉన్న ఒక ఉపగ్రహంలా పనిచేస్తుంది. ఇలాంటి వాటిని సూడోలైట్ అంటారు. ఆలోచన కొత్తదేమీ కాదు. మొదటి జీపీఎస్ ఉపగ్రహం 1978లో పైకి వెళ్లకముందే, అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని యూమా ఎడారిలో నేల మీద ట్రాన్స్‌మిటర్లు పెట్టి రిసీవర్లను పరీక్షించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1994లో రన్‌వే దారిలో నేల మీద ఇలాంటి చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టి బోయింగ్ 737ను 110 సార్లు ఆటోమేటిక్‌గా దించారు. వాటికీ మీ ప్రాజెక్టుకూ తేడా ఒక్కటే. అవి కదలవు, మీది ఎగురుతుంది. మీకు ఎదురయ్యే కష్టాల్లో పెద్దదంతా అక్కడి నుంచే వస్తుంది.

పొలం కొలిచేటప్పుడు గొలుసు అవతలి కొస పట్టుకున్న మనిషి అటూ ఇటూ కదులుతుంటే ఇవతల ఎంత జాగ్రత్తగా చదివినా కొలత నిలవదు. రిలే విషయంలోనూ అంతే. డ్రోన్ తన చోటు 2 మీటర్లు తప్పుగా చెబితే, మీ వైపు నుంచి చూసే దిశలో ఆ తప్పెంతో అంతా మీ దూరంలోకి వచ్చేస్తుంది. ఆ పైన రిలేలు, ఉపగ్రహాలు ఒకే వైపు గుమిగూడి ఉంటే అది ఇంకా పెరుగుతుంది. ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే అంకెనే డీఓపీ అంటారు. డీఓపీ 5 ఉంటే 2 మీటర్లు 10 అవుతాయి.

‘బేస్ స్టేషన్ పెట్టి కరెక్షన్ ఇస్తాం కదా, తప్పు పోతుంది’ అని మీరు అనుకోవచ్చు. బేస్ అంటే చోటు ముందే కచ్చితంగా తెలిసిన రిసీవర్. అది తనకు కనబడ్డ తప్పును మిగతా రిసీవర్లకు చెబుతుంది, వాళ్లు దాన్ని తీసేసుకుంటారు. ఇక్కడే చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ఉపగ్రహం 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. బేస్‌కూ మీకూ మధ్య 5 కిలోమీటర్లు ఉన్నా, అంత దూరం నుంచి ఇద్దరికీ ఉపగ్రహం దాదాపు ఒకే దిశలో కనబడుతుంది. ఉపగ్రహం చోటులో 2 మీటర్ల తప్పుంటే బేస్‌లోనూ మీలోనూ దాదాపు ఒకేలా పడుతుంది, తీసివేతలో పోతుంది. మిగిలేది 2 మీటర్లలో 20,200కు 5 వంతు, అంటే అర మిల్లీమీటరు. అదే రిలే 20 కిలోమీటర్ల ఎత్తున ఉన్న బెలూన్ అయితే మిగిలేది 20కి 5 వంతు, అంటే అర మీటరు దాకా. ఇక 120 మీటర్ల ఎత్తున ఉన్న డ్రోన్ బేస్‌కు ఒక దిశలో, మీకు పూర్తిగా వేరే దిశలో కనబడుతుంది. అక్కడ బేస్ కరెక్షన్ రిలే చోటు తప్పును పోగొట్టదు, కొన్నిచోట్ల పెంచుతుంది కూడా. ఉపగ్రహాలతో అలవాటైన లెక్కను దగ్గరి రిలేకు యథాతథంగా వాడకూడదు.

కాబట్టి మీ మొదటి పని డ్రోన్ ఎక్కడుందో గట్టిగా పట్టుకోవడం. రెండు దారులున్నాయి. ఒకటి, డ్రోన్ మీదే ఆర్‌టీకే రిసీవర్ (బేస్ సాయంతో సెంటీమీటర్లలో చోటు చెప్పేది) పెట్టడం. చెట్లపైన ఆకాశం ఖాళీ కాబట్టి దానికి రెండు మూడు సెంటీమీటర్ల తేడాతో చోటు తేలుతుంది, దాన్నే ఫిక్స్ అంటారు. కానీ ఆ చోటు పైనున్న జీపీఎస్ యాంటెన్నాది. మీ ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా దానికి 30 సెంటీమీటర్లు కింద వేలాడుతుంటే, గాలికి డ్రోన్ 15 డిగ్రీలు వాలినప్పుడు దాదాపు 8 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. వాలు కోణాన్ని డ్రోన్ ఐఎంయూ (వాలునూ కదలికనూ కొలిచే సెన్సర్) నుంచి తీసుకుని దిద్దాలి. ఇంకోటి, డ్రోన్ సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళ్తూ తన చోటును 0.2 సెకన్లు ఆలస్యంగా పంపితే అక్కడే 2 మీటర్లు తేడా. ప్రతి చోటుకూ టైమ్‌స్టాంప్ ఉండాలి, రిసీవర్ ఆ క్షణానికి సరిచేసుకోవాలి. వీలైతే డ్రోన్‌ను ఒకేచోట హోవర్ చేయించండి.

రెండో దారి నాకు ఎక్కువ నచ్చుతుంది. అడవి బయట, ఖాళీ జాగాల్లో, కచ్చితంగా కొలిచిన నాలుగైదు చోట్ల రిసీవర్లు పెట్టి, డ్రోన్ పంపే సిగ్నల్‌నే అందుకుని దాని చోటును లెక్కగట్టడం. జీపీఎస్‌ను తిరగేసినట్టన్నమాట. ఇందులో ట్రాన్స్‌మిటర్ యాంటెన్నా చోటే నేరుగా దొరుకుతుంది, దాని గడియారం తప్పు కూడా బయటపడుతుంది. పని ఎక్కువే, ఖర్చూ ఎక్కువే. కానీ ఫలితాన్ని నమ్మవచ్చు.

గడియారం మాటకొస్తే, వెలుతురైనా రేడియో సిగ్నలైనా ఒక నానోసెకనులో, అంటే సెకనులో వందకోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. పది లక్షల్లో ఒక వంతు తప్పు నడిచే మామూలు క్రిస్టల్ ఒక్క సెకనులో 300 మీటర్ల తేడా తెస్తుంది. మంచి గడియారాన్ని నేల మీద ఉంచుకుని, డ్రోన్‌ను కేవలం కింది నుంచి వచ్చిన కోడ్‌ను వేరే ఫ్రీక్వెన్సీలో తిప్పి పంపే ట్రాన్స్‌పాండర్‌గా వాడటం తెలివైన పని. అప్పుడు రెండు ముక్కలు తీసేయాలి. ఒకటి నేల నుంచి డ్రోన్‌కు దూరం, రెండోది డ్రోన్ లోపలి ఆలస్యం. ఈ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

నా ఉద్యోగమంతా ఈ ఆలస్యం చుట్టూనే తిరిగింది. విమానాశ్రయాల్లో డీఎంఈ అనే యంత్రం ఉంటుంది. విమానం పల్స్ జత పంపితే అది అందుకుని, సరిగ్గా 50 మైక్రోసెకన్లు ఆగి జవాబిస్తుంది. ఆ 50ని తీసేసి విమానం తన దూరం లెక్కించుకుంటుంది. ఆ ఆలస్యం జారుతోందేమోనని పక్కనే ఒక మానిటర్ రాత్రింబవళ్లు కాపలా కాస్తుంది. హద్దు దాటితే యంత్రాన్నే ఆపేస్తుంది, ఎందుకంటే తప్పు దూరం చెప్పడం కంటే ఏమీ చెప్పకపోవడం మేలు. మీ డ్రోన్‌లోని ఫిల్టర్లు, యాంప్లిఫయర్లు వేడెక్కే కొద్దీ వాటి ఆలస్యం మారుతుంది. మే నెల మధ్యాహ్నం వరంగల్ ఎండలో ఒక విలువ, పొద్దున ఇంకొక విలువ. ఎగరేసే ముందు, దించిన తర్వాత తెలిసిన దూరంలో పెట్టి కొలవండి. ఎగురుతున్నంతసేపూ తెలిసిన చోట ఒక రిసీవర్‌ను కాపలాగా ఉంచండి. మీ ప్రాజెక్టు రిపోర్టులో ఈ ఒక్క పట్టిక ఉన్నా నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

డ్రోన్ ఎక్కడ నిలపాలన్నది ఇంకో ప్రశ్న. నెత్తి మీదే నిలిపితే పెద్దగా లాభం లేదు, పైనుంచి ఉపగ్రహాలు ఎలాగూ ఉన్నాయి. కిందికి దింపి పక్క నుంచి పంపితే అడ్డంగా కొలత బాగుంటుంది కానీ సిగ్నల్ మరిన్ని ఆకులు, కాండాలు దాటి రావాలి. నేనైతే 40 డిగ్రీల కోణం దగ్గర మొదలుపెడతాను. 120 మీటర్ల ఎత్తున ఎగిరే డ్రోన్ ఆ కోణంలో కనబడాలంటే మీకు 140 మీటర్ల దూరంలో ఉండాలి. చెట్ల కింద రెండు మూడు ఉపగ్రహాలు అందుతుంటే ఎదురెదురు దిక్కుల్లో రెండు రిలేలు చాలు. ఉపగ్రహాలేవీ అందని చోట నాలుగు రిలేలు కావాలి.

దగ్గరా దూరం గొడవ కూడా ఉంది. జీపీఎస్ ఉపగ్రహం నెత్తి మీదున్నా, దిగంతంలో ఉన్నా దూరం 20,200 నుంచి 25,800 కిలోమీటర్ల దాకానే మారుతుంది. అందే బలంలో తేడా రెట్టింపు కూడా కాదు. డ్రోన్‌కు 120 మీటర్ల దూరంలో ఒకరు, 2.4 కిలోమీటర్ల దూరంలో ఒకరు ఉంటే ఇద్దరికీ అందే బలంలో తేడా 400 రెట్లు. జీపీఎస్ కోడ్‌లు ఒకదాన్నొకటి తట్టుకోగలిగేది వంద రెట్లకు కాస్త పైన. దగ్గరున్నవాడి రిసీవర్‌లో రిలే మోతకు ఉపగ్రహాలు వినబడకుండా పోతాయి. అందుకే సూడోలైట్లు ఎడతెగకుండా పంపవు, కాలంలో పదోవంతు మాత్రమే పల్స్‌లుగా పంపుతాయి, లేదా వేరే ఫ్రీక్వెన్సీ వాడతాయి.

వేరే ఫ్రీక్వెన్సీయే వాడండి. జీపీఎస్ బ్యాండ్‌లో, అంటే 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర, రేడియో ఫ్రీక్వెన్సీలకు అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ డబ్ల్యూపీసీ విభాగం అనుమతి లేకుండా ఏదీ ప్రసారం చేయకూడదు. ల్యాబ్‌లోని ఆ రిపీటర్‌ను కూడా ఇవాళే ఆఫ్ చేయండి. అది గోడలు దాటి బయటికి వెళ్తే రోడ్డు మీద 108 అంబులెన్స్‌కు తప్పు చోటు చూపిస్తుంది. లైసెన్స్ అక్కర్లేని 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, తక్కువ పవర్‌తో చేసుకోవచ్చు. ఆ బ్యాండ్ పైఅంచు 2483.5 మెగాహెర్ట్జ్ దాటొద్దు, మన దేశపు సొంత నావిగేషన్ ఉపగ్రహాల వ్యవస్థ నావిక్ ఎస్-బ్యాండ్ సిగ్నల్ 2492 దగ్గరే ఉంది. తాడ్వాయి వైపు ఏటూరునాగారం అభయారణ్యం కాబట్టి డ్రోన్‌కు అటవీ శాఖ అనుమతి కూడా అడగండి. మొదటి విడత పరీక్షలు ఊరి బయట ఏ మామిడితోటలోనో పెట్టుకుంటే సులువు.

ప్రశ్న: మేడమ్, మాది నర్సంపేట దగ్గర పల్లె. మహిళా సంఘం తరఫున డ్రోన్ తీసుకుని మిర్చికి, పత్తికి మందు కొడుతున్న. పొద్దంతా ఆర్‌టీకే ఫిక్స్ మంచిగుంటది. పొద్దుగూకినంక ఏడు దాటితే కొన్ని రోజులు ఫ్లోట్‌లోకి పోతది, సాళ్లు తప్పుతున్నయి. డ్రోన్ కంపెనోళ్లు మా బేస్ పెట్టుడు తప్పంటున్నరు. బెలూన్ రిలే వస్తే ఇది పోతదా?
(ఒక డ్రోన్ పైలట్, వరంగల్ జిల్లా)

జవాబు: పగలంతా ఫిక్స్ నిలిచి, అదే బేస్‌తో అదే చోట చీకటి పడ్డాక పోతోందంటే బేస్‌ను అనుమానించాల్సిన పని లేదమ్మా. మీరు రాసిన వేళను బట్టి చూస్తే కారణం పైనుంది.

భూమికి సుమారు 80 కిలోమీటర్ల పైనుంచి అయనోస్ఫియర్ అనే పొర ఉంది. సూర్యుడి అతినీలలోహిత, ఎక్స్ కిరణాలకు అక్కడి గాలి విద్యుత్ కణాలుగా విడిపోతుంది. జీపీఎస్ సిగ్నల్ దాన్ని దాటేటప్పుడు ఆలస్యమవుతుంది. మన దేశం దక్షిణ కొస మీదుగా అయస్కాంత భూమధ్యరేఖ పోతుంది కాబట్టి ఈ పొర ఇక్కడ యూరప్‌లో ఉన్నంత నెమ్మదిగా ఉండదు. సూర్యాస్తమయం అయ్యాక అందులో బుడగల్లాంటి ఖాళీలు పుట్టి పైకి లేస్తాయి. సిగ్నల్ వాటిలోంచి వస్తే మిణుకుమిణుకుమంటుంది, రిసీవర్ పట్టు జారుతుంది. మార్చి–ఏప్రిల్, సెప్టెంబర్–అక్టోబర్ నెలల్లో ఇది ఎక్కువ. సూర్యుడి పదకొండేళ్ల చక్రం పైస్థాయిలో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ఆ పైస్థాయికి సూర్యుడు 2024లో చేరాడు.

ఆర్‌టీకే రిసీవర్ 19 సెంటీమీటర్ల పొడవున్న అలలను లెక్కపెట్టి సెంటీమీటర్లు తేలుస్తుంది. పట్టు జారితే ఎన్ని అలలో లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవాలి. అలా తేలని స్థితే ఫ్లోట్.

బెలూన్ రిలే ఇక్కడ నిజంగా పనికొస్తుంది. 20 కిలోమీటర్ల ఎత్తున ఉండే బెలూన్ ఈ పొరకు చాలా కింద ఉంటుంది. దాని నుంచి మీ డ్రోన్‌కు వచ్చే సిగ్నల్ ఆ బుడగలను తాకనే తాకదు. మన ప్రాంతానికి గాల్లోని రిలే వల్ల కలిగే పెద్ద మేలు ఇదే అని నా నమ్మకం, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒక షరతు మాత్రం ఉంది. ఆ బెలూన్ తన చోటును జీపీఎస్‌తోనే తెలుసుకుంటుంటే అదే సాయంత్రం దానికీ అదే తిప్పలు. నేల మీది స్టేషన్లు దాన్ని కొలుస్తుండాలి. వరంగల్ మీద 20 కిలోమీటర్ల ఎత్తున ఒకటి నిలిస్తే కరీంనగర్‌లో 16 డిగ్రీల ఎత్తున కనబడుతుంది, అంటే మన జిల్లాలన్నిటికీ అందుతుంది. అయితే అంత వాలుగా వచ్చే సిగ్నల్ తేమ నిండిన కింది గాలిలో చాలా దూరం నడవాలి, ఆ ఆలస్యాన్ని వేరుగా దిద్దాలి.

అలాంటివి వచ్చేదాకా మీ పని ఆగకూడదు కదా. ఆ నెలల్లో పని తెల్లవారుజామున పెట్టుకోండి, లేదా సాయంత్రం పొద్దుగూకేలోపు ముగించండి. బేస్‌ను చేను గట్టు మీదే పెట్టండి. జీపీఎస్ ఒక్కటే కాకుండా వేరే దేశాల ఉపగ్రహ వ్యవస్థలు గెలీలియో, గ్లోనాస్, బైదూ కూడా సెట్టింగ్స్‌లో ఆన్‌లో ఉన్నాయేమో చూడండి. ఎక్కువ ఉపగ్రహాలుంటే కొన్నిటి దారిలో బుడగలుండవు. ఫ్లోట్ చూపిస్తే డ్రోన్ దించేయండి, పక్క చేను మీద మందు పడితే గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది. ఫిక్స్ పోయిన తేదీ, వేళ ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటే కంపెనీ వాళ్ల ముందు పెట్టడానికి పనికొస్తుంది.

ప్రశ్న: భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్‌లో పనిచేస్తాను. డంపర్లు హైవాల్ (గని నిటారు గోడ) దగ్గరికి వెళ్తే స్క్రీన్ మీద పక్క బెంచీలో (గనిలో మెట్టు) ఉన్నట్టు చూపిస్తుంది. గని మీద తాడుతో కట్టిన బెలూన్ ఎగరేస్తే బాగుంటుందా?
(ఒక సింగరేణి ఉద్యోగి)

జవాబు: గనికి బెలూన్ కంటే అంచు మీద టవర్లే మంచివి. గోడ పక్కన సగం ఆకాశం పోతుంది. మిగిలిన ఉపగ్రహాలన్నీ ఒకే వైపు ఉంటాయి, పైగా గోడను తాకి తిరిగొచ్చిన సిగ్నల్ కలుస్తుంది. మీకు కావలసింది గోడకు ఎదురు అంచు మీద ఒకటి, రెండు పక్కల రెండు ట్రాన్స్‌మిటర్లు. అవి కదలవు కాబట్టి చోటు ఒకసారి కొలిస్తే చాలు. బెలూన్ ఈదురుగాలికి ఊగుతుంది, పిడుగుల కాలంలో తాడుతో సహా దించేయాలి, మీ పనేమో వానాకాలంలోనూ ఆగదు. ఆస్ట్రేలియాలో లొకాటా అనే సంస్థ 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే ఇలాంటి నేల ట్రాన్స్‌మిటర్లను తయారుచేసింది, అక్కడి బాడింగ్టన్ బంగారు గనిలో వాటిని వాడారు. గని పెరిగే కొద్దీ టవర్లను జరపాలి కాబట్టి ట్రెయిలర్ మీద పెట్టుకోవడం నయం. జరిపిన ప్రతిసారీ చోటు మళ్లీ కొలవాల్సిందే, ‘కొంచెమే జరిపాం’ అని వదిలేయకూడదు. అడుగున డంపర్ ఎంత ఎత్తులో ఉందన్నది బెంచీని బట్టి మీకు ముందే తెలుసు. ఆ ఎత్తును కూడా లెక్కలోకి ఇమ్మని సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగండి, ఒక రిలే పెట్టినంత లాభం అక్కడే వస్తుంది.

ప్రశ్న: మేడారం జాతరలో ఫోన్ లొకేషన్ గంటసేపు రాలేదు. లక్షల మంది ఒకేసారి వాడటం వల్ల ఉపగ్రహాలు ఓవర్‌లోడ్ అవుతాయా?
(పరకాల)

జవాబు: కావు. ఉపగ్రహం పంపుతుంది, ఫోన్ వింటుంది. వినేవాళ్లు ఎంతమంది ఉన్నా ఉపగ్రహానికి తెలియదు. నిండిపోయింది మొబైల్ నెట్‌వర్క్. మ్యాప్ బొమ్మా, ఏ ఉపగ్రహం ఎక్కడుందన్న సమాచారమూ ఫోన్ నెట్ ద్వారా తెచ్చుకుంటుంది. నెట్ లేకపోతే ఆ సమాచారాన్ని ఉపగ్రహం నుంచే సెకనుకు 50 బిట్ల వేగంతో వినాలి. ఒక్కో ఉపగ్రహానికి 30 సెకన్లదాకా, అదీ మధ్యలో తెగకుండా. గుంపులో, జేబులో పెట్టుకుని నడుస్తుంటే తెగుతూనే ఉంటుంది. జాతరకు బయల్దేరే ముందు ములుగు, తాడ్వాయి మండలాల ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి. చోటు దొరక్కపోతే ఖాళీ జాగాలో రెండు నిమిషాలు ఫోన్ పైకి పట్టుకుని కదలకుండా నిలబడండి.

ప్రశ్న: ఫోన్ యాప్ ఆన్ చేసి మా రెండెకరాల గట్టు వెంట నడిస్తే మూడు గుంటలు తక్కువ చూపించింది. పక్కవాళ్లు జరిపారని అనుమానం. గగన్ సిగ్నల్ అందే ఫోన్ కొంటే తేలుతుందా?
(జగిత్యాల జిల్లా రైతు)

జవాబు: తేలదు. దయచేసి ఆ అంకెతో పక్కవాళ్లతో మాటామాటా పెంచుకోవద్దు. రెండెకరాల చదరపు చేను చుట్టుకొలత 360 మీటర్లు ఉంటుంది. మీ నడక గట్టుకు ఒక్క మీటరు లోపలగా నమోదైతే చాలు, మూడున్నర గుంటలు తగ్గిపోతాయి. ఆకాశం ఖాళీగా ఉన్నచోట కూడా ఫోన్‌లో ఐదు మీటర్ల తేడా మామూలే.

గగన్ కూడా ఒక రకం రిలేయే. నాగ్‌పూర్, భువనేశ్వర్, బెంగళూరు సహా 15 చోట్ల ఉన్న స్టేషన్లు జీపీఎస్ తప్పును కొలుస్తాయి. ఆ దిద్దుబాటును 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న జీశాట్ ఉపగ్రహాలు తిరిగి కిందికి ప్రసారం చేస్తాయి. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం కట్టిన వ్యవస్థ ఇది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దీని సాయంతో ఇండిగో విమానం దిగింది. రేపు మామునూరులో విమానాలు దిగడం మొదలైతే ఇక్కడా అక్కరకొస్తుంది. విమానానికి మీటరు సరిపోతుంది. మీ గట్టుకు సరిపోదు.

మీకు కావలసింది సర్వేయర్ తెచ్చే రోవర్, అంటే చేత్తో మోసుకెళ్లే ఆర్‌టీకే రిసీవర్. సర్వే ఆఫ్ ఇండియా శాశ్వతంగా నడిపే కార్స్ అనే బేస్ స్టేషన్ల కరెక్షన్‌తోనో, సొంత బేస్‌తోనో అది సెంటీమీటర్లలో చెబుతుంది. అది చెప్పేది కూడా మీరు నిలబడ్డ చోటు మాత్రమే. హద్దు ఎక్కడుండాలన్నది టిప్పన్ (పాత సర్వే కొలతల పటం) చెప్పాలి, పాత హద్దురాళ్లు చెప్పాలి. ఎఫ్-లైన్ (పొలం హద్దు) కొలతకు దరఖాస్తు పెట్టుకుని, పక్కవాళ్లను కూడా ఆ రోజు రమ్మనండి.

ప్రశ్న: చలికాలంలో పొద్దున్నే ఆకాశంలో తెల్లటి పెద్ద బుడగ కదలకుండా కనిపించింది. మీరు రాసిన రిలే అదేనా? మా బంధువుల ఊళ్లో ఒకసారి ఇలాంటిదే చేలో పడిందట.
(జనగామ)

జవాబు: మీరు చూసింది బహుశా టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర వాళ్ల కేంద్రం ఉంది. పలచని పాలిథిన్ బెలూన్లను హైడ్రోజన్‌తో నింపి, పరిశోధన పరికరాలు కట్టి 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. పని అయ్యాక పరికరాల పెట్టె పారాచూట్‌తో దిగుతుంది, గాలిని బట్టి మన జిల్లాల్లోనూ పడుతుంది.

ఆ బెలూన్లకు ఇంజన్ ఉండదు, గాలి ఎటు తీసుకెళ్తే అటే. నావిగేషన్ రిలేకు ఒకచోట నిలిచేది కావాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 2025 మే 3న మధ్యప్రదేశ్‌లోని శ్యోపూర్ నుంచి ఒక ఎయిర్‌షిప్‌ను సుమారు 17 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది, అది గంటకు పైగా ఎగిరింది. నెలల తరబడి నిలవడం ఇంకా చాలా పెద్ద పని. ఎయిర్‌బస్ వాళ్ల జెఫైర్ అనే సోలార్ విమానం 2022లో 64 రోజులు ఆకాశంలో ఉండగలిగింది.

చేలో ఎక్కడైనా అలాంటి పెట్టె పడితే దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి, విప్పకండి. కొన్ని పరికరాల్లో హై వోల్టేజ్ ఉంటుంది, కదిపితే కొలతలూ పోతాయి. పెట్టె మీద చిరునామా, ఫోన్ నంబర్ రాసి ఉంటాయి. ఆ నంబర్‌కో, దగ్గరి పోలీస్ స్టేషన్‌కో చెబితే వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.